పాటకు పేరు ఉండరాదా?

దక్షిణ అండమాన్ దీవిలో, పోర్ట్ బ్లెయిర్‌కు నైరుతి దిశగా 30 కిలోమీటర్ల లోపున వండూర్ అనే ఊరు ఉన్నది. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీవిజయపురంగా మారినది. వండూర్ పేరు మారలేదు. కాని ఆ పేరు పుట్టినది ఆ నేలమీద కాదు. మలబారులో, ఇప్పటి మలప్పురం జిల్లాలో, అసలు వండూర్ ఉన్నది. 1921 నాటి మాప్పిళ తిరుగుబాటు తరువాత ద్వీపాంతరవాస శిక్షపడి వచ్చినవారు, వారి వెనుక వచ్చిన కుటుంబాలవారు, తాము విడిచివచ్చిన ఊళ్ళ పేర్లను తాము చేరిన నేలకు పెట్టుకొన్నారు. వండూర్, మంజేరి, కాలికట్ అనే పేర్లు దక్షిణ అండమాన్ పటంలో నేడు కనిపించుటకు కారణం అదే. ఈ ఊరిని మొదట వండూర్ అని పిలిచిన మనిషి ఎవరు? చెప్పగలవారు లేరు. పేరు నిలిచినది, పెట్టినవాడు మరుగైనాడు.

జానపదగేయాన్ని గురించి మన పండితులు చెప్పే సిద్ధాంతం సరిగా ఇట్లే ఉంటుంది. జానపదగేయానికి కర్త ఉండడట. అది సమష్టి సృష్టి అట. ఎవరో అన్న మాటకు మరెవరో మాట చేర్చగా, తరాల నోళ్ళలో నలిగి నలిగి, నదిలో గులకరాయివలె నునుపు తేలుతుందట. జానపద లక్షణాలను వివరించే పాఠ్యగ్రంథం ఏది తెరిచినా ‘అజ్ఞాతకర్తృకం’ అన్న మాట మొదటి వరుసలోనే ఎదురవుతుంది. విద్యార్థి దానిని వల్లె వేస్తాడు, పరీక్షలో వ్రాస్తాడు, పెద్దవాడై విమర్శకుడైన పిమ్మట ఆ లక్షణాన్నే కొలబద్దగా చేతబట్టుకొంటాడు.

ఆ కొలబద్దకు మొదట చిక్కేవాడు ఒంటరి గాయకుడు. తన ఊరి యాసలో తానే మాట కూర్చి, తానే వరుస కట్టి, ఒక్క గిటారో ఒక్క డప్పో తోడుగా, విద్యుత్ వాద్యాల మ్రోత లేకుండా పాడి, తొలి ఆల్బం వెలువరించేవాడు. అతని ఎదుట రెండు తలుపులూ మూసుకొంటాయి. అట్టమీద పేరు ఉన్నది కాబట్టి ఇది జానపదం కాదని ఒక తలుపు. పాడుటకు వ్రాసినది కాబట్టి ఇది కవిత్వం కాదని రెండవ తలుపు. ఏ పంక్తిలోనూ విస్తరి దొరకని అతిథివలె ఆ మనిషి వాకిట నిలబడవలసినదే.

ఈ సిద్ధాంతాన్ని ఖండించుటకు దూరం పోనక్కరలేదు. వండూర్ ఉన్న దీవులలోనే సాక్ష్యం ఉన్నది. తరువాతి కాలంలో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అని ప్రసిద్ధుడైన మానవశాస్త్రవేత్త 1906 నుంచి 1908 వరకు అండమాన్ ఆదివాసుల మధ్య పరిశోధన జరిపి, 1922లో తన గ్రంథాన్ని ప్రకటించాడు. గ్రేట్ అండమానీ తెగలలో ప్రతి పురుషుడూ తన పాటలు తానే కట్టుకొంటాడని, నృత్యసభలో ఒకడు కట్టిన పాటను మరొకడు పాడడని, పరంపరగా వచ్చిన పాటలంటూ వారికి లేవని అందులో వ్రాశాడు. దోనె చెక్కుతూనో, విల్లు చేస్తూనో, తెడ్డు వేస్తూనో మనిషి తనలో తాను సన్నగా పాట కూర్చుకొంటాడు. కుదిరినదని తోచేదాకా మళ్ళీ మళ్ళీ పాడుకొంటాడు. అందరూ నృత్యానికి చేరే రాత్రికి ముందుగా తన బంధువులైన ఆడవారిలో ఒకరిద్దరికి పల్లవి నేర్పుతాడు, వంతపాట తడబడకుండా ఉండుటకు. ఆ రాత్రి, ఢాలు ఆకారపు చెక్కబల్లపై కాలితో తాళం పడుతుండగా, మొదటిసారి నలుగురి ఎదుట గొంతు విప్పుతాడు. సభ మెచ్చితే ఆ పాట అతని పాటల మూటలో చేరుతుంది. మెచ్చకపోతే అక్కడే విడిచిపెడతాడు; మళ్ళీ పాడడు.

తొలి ఆల్బం అంటే ఇంతకన్న వేరేమి? కర్త ఒకడు, గొంతు ఒకటి, తాళానికి ఒక చెక్కబల్ల, మెచ్చుటకు మెచ్చకపోవుటకు ఒక సభ. కొందరు పాట కట్టుటలో ఇతరులకన్న నేర్పరులని పేరు పొందేవారని కూడ ఆ పరిశోధకుడు చెప్తాడు. అంటే అక్కడ విమర్శ కూడ ఉన్నదన్నమాట. అంతకు పాతికేళ్ళ పూర్వమే ఇ. హెచ్. మాన్ అనే అధికారి మరొక సంగతి వ్రాసి ఉంచాడు: ఒకరి పాటను వేరొకరు ఎత్తుకొనుట మర్యాద కాదు, కట్టినవాడు చనిపోయి ఉంటే అది మరీ తప్పు. అక్షరం ఎరుగని సమాజం, గ్రంథస్వామ్యపు చట్టాలు ఎరుగని సమాజం, పాటకు కర్త ఉంటాడన్న సంగతిని మాత్రం ఎరిగి ఉన్నది. ఎరగనిది మన పాఠ్యగ్రంథం.

ఇది ఒక చిన్న తెగ ఆచారం, దీనిని పట్టుకొని తెలుగుదేశానికి శాసనం చేయరాదని ఎవరైనా అనవచ్చును. నిజమే. తెలుగువాడు ఊడ్పుల పొలంలో, తిరగలి దగ్గర, పెళ్ళిపందిట్లో ఎవరు కట్టిన పాటనైనా నిస్సంకోచంగా పాడుకొంటాడు, పాడుకోవలెను కూడ. ఇక్కడ తగవు పాడుటను గురించి కాదు. చదువురానివారి పాట దానంతట అదే పుట్టలా మొలుస్తుందన్న ఊహను గురించి. చదువుకొన్నవాడు వ్రాస్తే కావ్యం, చదువుకోనివాడు కడితే వాతావరణం! ఆ ఊహలో ప్రజలపట్ల గౌరవం ఉన్నట్లు కనిపిస్తుంది. తరచి చూస్తే ప్రజలలో మనిషికీ మనిషికీ తేడా గుర్తుపట్టలేని చూపు అది.

మన పాటకు పేరు వేసుకొను ఆచారం లేకపోలేదు. క్షేత్రయ్య తన పదంలో మువ్వగోపాలుని నిలిపాడు. అన్నమయ్య వేంకటేశ్వరుని ముద్ర వేశాడు. ఉత్తరాదిని కబీరు తన పేరునే పదం చివర పాడాడు. అట్ట లేని కాలంలో పాట ఒంటిమీదనే సంతకం ఉండేది. భోజ్‌పురీ వీథినాటకాలను నడిపించిన భిఖారీ ఠాకుర్ మంగలి కులంలో పుట్టి, పెద్ద చదువు లేకుండా, వలసపోయిన మగవారి ఇళ్ళలోని ఆడవారి వేదనను ‘బిదేసియా’గా కట్టాడు. హిందీ పండితలోకం ఆయనను ‘లోకకవి’ అన్నది. ‘లోక’ శబ్దాన్ని ముందు చేర్చుటలో కొంత ఆదరం, కొంత అంటరానితనం రెండూ ఉన్నవి. అయినా పేరును మాత్రం తుడిచివేయలేదు. ఇక అసలు వండూర్ సంగతి చూడండి. మలబారులోని ఆ ఊరివాడే అయిన పులిక్కోట్టిల్ హైదర్ అనే మాప్పిళ కవి, బళ్ళారి జైలులో ఉన్న భర్తకు భార్య వ్రాసిన ఉత్తరంగా ఒక పాట కట్టాడు. మాప్పిళ జనం దానిని నోటికి నేర్చుకొన్నారు. నేర్చుకొని, పాడుకొని, కట్టినవాని పేరు కూడ గుర్తుపెట్టుకొన్నారు. జనం నోటిలో పడితే కర్త పేరు కరగిపోక తప్పదన్నవారు ఈ ఉదాహరణకు ఏమి సమాధానం చెప్తారో!

కర్త కనబడడు అన్న సిద్ధాంతాన్ని ఎన్నడూ నమ్మని వర్గం ఒకటి ఉన్నది. అది ప్రభుత్వం. గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం మీద పాట కట్టినప్పుడు అది గోదావరి జిల్లా అంతటా నోటినుంచి నోటికి ప్రాకినది. సిద్ధాంతం ప్రకారం అప్పటికే అది అజ్ఞాతకర్తృకం కావలెను. కాని 1922లో ఆంగ్ల ప్రభుత్వం ‘ఇది సమష్టి సృష్టి’ అని ఊరుకోలేదు. కర్తను వెదకి పట్టుకొని జైలులో పెట్టినది. అదే గరిమెళ్ళ 1952లో మద్రాసులో పేదరికంలో కన్నుమూసినప్పుడు, పాట అందరిదీ అయినది, ఆకలి మాత్రం ఆయనది. 1997 ఏప్రిల్ 6న గద్దర్ ఇంటికి వచ్చి కాల్చినవారికి కూడ జానపద లక్షణాలు తెలియవు కాబోలు; పాట ఎవరిదో వారికి బాగా తెలుసు. ఆ తూటాలలో ఒకటి 2023 ఆగస్టు 6న చనిపోయేవరకు ఆయన శరీరంలోనే ఉన్నది. శిక్షకు దొరికే కర్త సత్కారానికి దొరకకపోవుట ఏమి న్యాయం?

ఇందుకు విరుద్ధమైన సాక్ష్యాన్ని కూడ దాచరాదు. పేరులేనితనం కొన్నిసార్లు కవి కోరి తెచ్చుకొన్నది. 1913లో అమెరికాలో పుట్టిన గదర్ పార్టీ తన పత్రికలోని పంజాబీ పాటలను ‘గదర్ ది గూంజ్’ పేరిట సంపుటాలుగా వేసినది. వాటిని వ్రాసినవారిలో అనేకులు పేరు చెప్పుకోలేదు, లేదా మారుపేరు పెట్టుకొన్నారు. చెప్పుకొంటే ఉరికంబం ఎదురు చూస్తున్నది. లాహోర్ కుట్రకేసులో శిక్షపడిన గదర్ వీరులు పలువురు వండూర్‌కు కొద్ది దూరంలోనే, పోర్ట్ బ్లెయిర్ సెల్యులర్ జైలులో, గానుగ త్రిప్పారు. తన పేరును తాను దాచుకొనుట ఒక త్యాగం. ఇతరుడు దానిని తుడిచివేయుట మరొకటి. మొదటిదానిని చూపి రెండవదానికి గౌరవం సంపాదించరాదు.

ఆ గదర్ పేరే తెలుగునేలకు వచ్చిన తీరు ఇక్కడ తలచుకోదగినది. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు 1970ల తొలినాళ్ళలో, బి. నరసింగరావు ప్రోత్సాహంతో పాటలు కట్టసాగాడు. తొలి పాటల సంపుటికి గదర్ పార్టీ స్మృతిలో ‘గద్దర్’ అని పేరు పెట్టగా, జనం ఆ పేరునే మనిషికి పెట్టారు. మనిషి పేరును ఆల్బమునకు పెట్టుట లోకాచారం. ఇక్కడ సంపుటి పేరు మనిషికి వచ్చినది. తొలి సంపుటం గాయకునికి బారసాల వంటిది అనుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. సముద్రాలకు ఆవల కూడ ఇటువంటిదే జరిగినది. రాబర్ట్ జిమ్మర్‌మన్ అనే ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఒక గిటారు, ఒక మౌత్ ఆర్గన్ తప్ప మరే తోడూ లేకుండా పాడిన తొలి ఆల్బమును కొలంబియా సంస్థ 1962 మార్చిలో విడుదల చేసినది. అట్టమీద ‘బాబ్ డిలన్’ అని ఉన్నది. చట్టప్రకారం ఆయన ఆ పేరు మార్చుకొన్నది అదే సంవత్సరం ఆగస్టులో. న్యాయస్థానం కన్న ముందు రికార్డు అట్ట నామకరణం చేసినది!

ఐతే ఈ డిలన్ తొలి ఆల్బం పేరుల పక్షం వాదించేవారికి కొంత ఇబ్బంది కూడ కలిగిస్తుంది. అందులో ఉన్నవి 13 పాటలు. వాటిలో ఆయన కట్టినవి రెండే. ఆ రెండింటిలోనూ ఒకదాని వరుస ఆయన గురువుగా భావించిన వుడీ గత్రీ పాతపాటది. మరొక పాటకు డేవ్ వాన్ రాంక్ అనే తోటి గాయకుడు కుదుర్చుకొన్న పద్ధతిని, అతని అనుమతి అడగకుండానే రికార్డు చేశాడు. అట్ట వెనుక వ్యాఖ్యలో వాన్ రాంక్ పేరు ఉన్నది; అడుగుట మాత్రం జరగలేదు. ఆ రికార్డు మొదటి సంవత్సరం అమ్ముడుపోక, దానిని తీసుకువచ్చిన నిర్మాత జాన్ హామండ్‌ను సంస్థలోనివారే ఎగతాళి చేశారు. 2016లో ఆ గాయకునికే నోబెల్ సాహిత్య బహుమానం వచ్చినది. వెనుదిరిగి చూస్తే ఆ తొలి ఆల్బం ఒక కవి పుట్టుక కాదు. ఒక కవి ఎవరెవరి ముందు కూర్చుండి నేర్చుకొన్నాడో తెలిపే జాబితా. దానిని సొంత సృష్టి అని పొగడేవారు కూడ, అజ్ఞాతకర్తృకమని చెప్పేవారు చేసే తప్పునే తలక్రిందులుగా చేస్తున్నారు. ఒకరు ఉన్న పేరును తుడుస్తారు; మరొకరు ఉన్న పదిపేర్లను తుడిచి ఒక్కటి వ్రాస్తారు.

తెలుగులో దీనికి సాటి కథ ‘మాభూమి’ చిత్రం. 1979లో నిర్మితమైన ఆ చిత్రంలో గద్దర్ భుజాన గొంగడితో నైజాం ప్రభువును నిలదీసే పాట పాడతాడు. ఆ పాట విననివారు తెలంగాణలో ఉండరు. కట్టినది గద్దర్ అనుకొనేవారు నేటికీ ఉన్నారు. ఎవరూ కట్టలేదు, అది జానపదం అనుకొనేవారు అంతకంటె ఎక్కువమంది. కట్టినవాడు బండి యాదగిరి. సాయుధపోరాటంలో పోరాడి ప్రాణం విడిచినవాడు. ఆయనకు తొలి ఆల్బం లేదు, అట్ట లేదు, రికార్డు చేసే యంత్రం ఆయన ఊరి పొలిమేరకు వచ్చి ఉండదు. వెండితెరమీద ఒక గొప్ప గొంతు ఆ పాటకు రెండవ ప్రాణం పోసినది, ఆ ప్రాణం ధాటికి మొదటి మనిషి మరుగున పడ్డాడు. ఇందులో గద్దర్ దోషం వెదకుట అన్యాయం. దోషం వినేవారిది, వ్రాసేవారిది. ‘ఎవరు పాడారు’ అని అడిగి ఊరుకొని, ‘ఎవరు కట్టారు’ అని రెండవ ప్రశ్న అడగని అలవాటుది.

మిగిలినది యంత్రం మీది ఫిర్యాదు. రికార్డులో పడిన పాట గడ్డకడుతుందని, నోటి పాటకు ఉన్న పెరుగుదల ఆగిపోతుందని అంటారు. కొంత నిజమే. డెబ్బైయెనిమిది భ్రమణాల పళ్ళెం ఒక ప్రక్కన సుమారు మూడు నిమిషాలే పట్టేది కాబట్టి రాత్రంతా సాగే పాటలు మూడు నిమిషాలకు కుదించుకొన్నాయి. అటువంటి పళ్ళేలను సంచులలో పెట్టి పుస్తకంవలె కుట్టినందుననే ‘ఆల్బం’ అన్న మాట వచ్చినది. కాని గడ్డకట్టుటనే తప్పు పట్టేవారు బోవా సీనియర్ పేరు వినవలెను. గ్రేట్ అండమానీ భాషలలో ‘బో’ భాషను మాట్లాడిన చివరి మనిషి ఆమె. 2010 జనవరి 26న చనిపోయినది. అంతకు పూర్వం భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ ఆమె ముందు కూర్చుండి కథలను, పాటలను యంత్రంలో భద్రపరిచింది. వాద్యం లేదు, వంతపాట లేదు. వంతపాడుటకు ఆ భాషలో మరొక మనిషే లేదు. 1961 జనగణనలో గ్రేట్ అండమానీయుల సంఖ్య 19. ఒకనాడు పది తెగలు పది భాషలలో పాటలు కట్టుకొన్న దీవులలో, ఒక వృద్ధురాలి ఒంటరి గొంతే తొలి రికార్డూ తుది రికార్డూ అయినది. ఆ గొంతు యంత్రంలో పడకపోయి ఉంటే, పడినందున గడ్డకట్టినదని విచారించే అవకాశం కూడ మనకు ఉండేది కాదు. ఆ రికార్డు మీద ఆమె పేరు ఉన్నది. ‘అండమాన్ జానపదం’ అని మాత్రమే వ్రాసి ఉంటే?

సాహిత్యసంస్థలు ఇటీవల తలుపు కొంత తెరిచినమాట వాస్తవం. 2021 సంవత్సరానికి గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’ సాహిత్య అకాదెమీ పురస్కారం పొందినది. బడి మెట్లు ఎక్కని అందెశ్రీ కట్టిన గీతాన్ని 2024లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రగీతంగా స్వీకరించినది. సంతోషమే. అయినా ఒక సంగతి గమనింపదగినది: పురస్కారం వచ్చినది పుస్తకానికి, గొంతుకు కాదు. పాట అకాదెమీ వాకిలి దాటవలెనంటే ఇప్పటికీ కాగితపు చొక్కా తొడుగుకొని రావలసినదే. గాయకకవి తొలి ఆల్బమును, కవి తొలి సంపుటిని చదివినట్లు, మాట మాటా పట్టి విమర్శించిన వ్యాసాలు తెలుగులో ఎన్ని? గొంతు బాగున్నదనో, మట్టివాసన వేస్తున్నదనో ఒక మాట అని సాగిపోతారు. మట్టివాసన అనుట తెలుగు విమర్శలో ఆలోచన మానుకొనుటకు మర్యాదగా చెప్పే సాకు.

ఇక తిరిగి అండమాన్ వండూర్. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. వారిలో అనేకుల పూర్వీకులు శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి వలవేటకు వచ్చినవారు. బడిలో, బజారులో, రేవులో అందరినీ కలిపే భాష హిందీ. పిల్లల నోట తెలుగు హిందీ లయలో పలుకుతుంది. జాలీబాయ్ దీవికి పడవ ఎక్కే యాత్రికులు వండూర్ రేవులో నిలబడి పగడపు దిబ్బలను గురించి అడుగుతారు; పాటలను గురించి అడిగేవారు అరుదు. 2004 డిసెంబరు 26న సముద్రం ఆ తీరాన్ని కోసివేసినది; పెద్ద పెద్ద చెట్లు వేళ్ళతో సహా ఇసుకలో ఒరిగినవి. అటువంటి దానిమీద తెలుగు పల్లెకారులలో పాట కట్టేవారు ఉండరా? వంగపండు ప్రసాదరావు పుట్టిన ఉత్తరాంధ్ర గాలి పీల్చినవారికి అది అసాధ్యం కాదు. కట్టి ఉంటే, ఏ సేకర్తయో రేపు వచ్చి దానిని వ్రాసుకొని, క్రింద ‘ఉప్పెన పాట, అజ్ఞాతకర్తృకం’ అని చేర్చి పడవ ఎక్కుతాడు. కట్టినది అతనికి మంచినీళ్ళు ఇచ్చిన ఇల్లాలే కావచ్చును. ఆమెను అడిగి ఉండడు.

అందుచేత ఆ వాడలోని కుర్రవాడు ఒకడు గిటారు పట్టుకొని, హిందీ విరుపుతో ఉన్న తన తెలుగులోనే, పది పాటలతో తొలి ఆల్బం తెస్తే, అది జానపదమా కాదా అన్న విచారణ సభలకు వదలివేయవచ్చును. ముందు చూడవలసినది అట్ట వెనుకభాగం. ఏ పాటలో మాట అతనిది, ఏ పాటలో వరుస అవ్వది, ఏ చరణం బెస్తవాడలో ఎవరినోట విన్నది, అవన్నీ అక్కడ ఉన్నవా లేవా? లేకుంటే అతనిని నిలదీయవలెను, ఎంత మధురంగా పాడినా సరే. ఉంటే, వాటిని ‘సంప్రదాయం’ అన్న ఒక్క మాటలో కలిపివేయబోయే ప్రకాశకుని నిలదీయవలెను. అట్టమీద చోటు చాలదని అతడు అనవచ్చును. అక్షరాలను చిన్నవి చేయవచ్చును.